ఉస్తాద్ రంపాలను నేను బాగుచేసిన ఆర్నెల్లు

నేను ముప్పై ఒక్క ఏళ్ళు తప్పులు వెతికే ఉద్యోగం చేశాను. కంపెనీ కాగితాల మీద దాని పేరు చెకింగ్. మేడ్చల్‌లో ఒక రేకుల షెడ్డు, అందులో పాతికమందిమి. మేము చేసేది చేతి రంపాలు. దుకాణాలకు పోయే ప్రతి రంపమూ చివరికి నా బల్ల మీదికి వచ్చేది. కన్ను ఆనించి చూసి, కొలత పట్టీ పెట్టి, అంతా సరిగ్గా ఉంటే పిడి దగ్గర ఉక్కు మీద చిన్న గుర్తు కొట్టేవాణ్ణి. లేకపోతే పక్కన పడేసేవాణ్ణి. ఇన్నేళ్ళు ఈ పని చేస్తే మనిషి ఏమవుతాడో మా ఆవిడను అడగండి. పెళ్ళికి పోయినా పందిరి గుంజ ఏ పక్కకు ఒరిగిందో చూస్తానని, అక్షింతలు వేయడం మర్చిపోతానని చెబుతుంది. అబద్ధమేమీ కాదు.

రిటైరయ్యాక ఒకసారి పని మీద పాత షెడ్డుకు పోతే, కొత్తగా చేరినవాళ్ళు చుట్టూ చేరారు. "ఇన్నేండ్లల్ల నువ్వు పట్టిన పెద్ద తప్పు ఏంది సార్?" అని అడిగారు. ఆలోచించాను. పట్టిన తప్పుల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు. చేసిన తప్పు మాత్రం నిన్న జరిగినట్టే ఉంది. వాళ్ళకు లంచ్ టైము అయిపోయింది, చెప్పడం కుదరలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇప్పుడిప్పుడే పనుల్లో చేరుతున్నవాళ్ళు, ముఖ్యంగా మంచి మనసుతో ఇంకొకరి పనిలో వేలు పెట్టే అలవాటున్నవాళ్ళు, చదవండి.

ముందు రంపం సంగతి రెండు మాటలు. పళ్ళన్నీ ఒకే వరుసలో తిన్నగా ఉంటే రంపం చెక్కలో ఇరుక్కుపోతుంది. అందుకని ఒక పన్నును కాస్త కుడికి, దాని పక్కదాన్ని కాస్త ఎడమకు వంచుతారు. ఆ వంపు వెంట్రుక మందం. రెండు వైపులా సమానంగా ఉంటే కోత తిన్నగా పోతుంది. ఒక వైపు వంపు ఎక్కువైతే రంపం ఆ వైపుకే ఒరుగుతూ పోతుంది. ఇంతే. ఈ కథకు ఇంతకు మించిన చదువు అక్కర్లేదు.

మా షెడ్డులో ఎక్కువ రంపాలు మిషను మీదే తయారయ్యేవి. ప్లాస్టిక్ పిడి, దుకాణాలకు పోయే సరుకు. కానీ తూర్పు మూలన ఇనుము పెట్టి కొట్టే ఒక పాత దాగలి, ఒక బల్ల, దాని వెనక ఒక ముసలాయన ఉండేవాడు. ఆయనను అందరం ఉస్తాద్ అనే పిలిచేవాళ్ళం. శామీర్‌పేట వైపు కమ్మరి ఇంటి మనిషి. తలకు ఎప్పుడూ ఎర్ర తువ్వాల, మాట కంటే ముందు నవ్వు. వారానికి రెండో మూడో రంపాలు మొత్తం చేత్తోనే చేసేవాడు. ఉక్కు పట్టీని సుత్తితో సాపు చేయడం, ఆకురాయితో పన్ను పన్నుకూ పదును పెట్టడం, వంచడం, అన్నీ ఆయనే. అవి దుకాణానికి పోయేవి కావు. వడ్లవాళ్ళు, అంటే వడ్రంగులు, వెతుక్కుంటూ వచ్చి చేయించుకునేవాళ్ళు. కరెంటు కట్టర్లు వచ్చాక కూడా, దర్వాజకు సన్న కోత పెట్టాలంటే ఉస్తాద్ రంపమే కావాలనే మనుషులు ఇంకా ఉండేవాళ్ళు.

వాటికి పిడులు చేసే ఆమె జవహర్‌నగర్ నుంచి వచ్చేది. తుమ్మ చెక్కను గుండ్రంగా చెక్కి, రేగ్మాల్ గరుకు కాగితం రుద్ది, అవిసె నూనె పట్టించేది. నూనె వాసనకు నేను ముక్కు మూసుకుంటే, "మా కాలనీకి రా అన్నా, చెత్త డంపు దిక్కుకెల్లి గాలి మల్లినంక గీ నూనె అత్తరు లెక్క ఉంటది" అనేది. ఆమె నోటికి షెడ్డు మొత్తం భయపడేది, ఉస్తాద్ ఒక్కడు తప్ప.

ఉస్తాద్‌కు ఒక అలవాటు ఉండేది. రంపం కావాలని ఎవరు వచ్చినా ముందు కింద కూర్చోబెట్టేవాడు. ఒక వేప చెక్క, పాత రంపం చేతికిచ్చి కోయమనేవాడు. పక్కనే తానూ కూర్చుని, ఆ మనిషి మోచేతి మీద చెయ్యి వేసి, "పిల్లలు ఎందరు? వానలు పడ్డయా మీ దిక్కు?" అని ముచ్చట పెట్టేవాడు. నేను దూరం నుంచి చూసి, ముసలాయనకు ముచ్చట్ల పిచ్చి అనుకునేవాణ్ణి. తప్పులు వెతికేవాడికి కళ్ళ ముందున్నది కనిపించదని ఎవరైనా అంటే నేనిప్పుడు ఎదురు చెప్పను.

ఆయనంటే నాకెందుకంత ప్రేమో కూడా చెప్పాలి. నేను చేరిన మొదటి నెలలోనే ఒక కట్ట రంపాలు మొత్తం తప్పుగా పాస్ చేశాను. కొలత పట్టీ తిరగేసి పట్టుకున్నాను, అంతటి మొనగాణ్ణి. మర్నాడు లారీ ఎక్కాల్సిన సరుకు. ఉస్తాద్ నా ముఖం చూశాడు. ఆకురాయి తీసుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా సాయంత్రం దాకా ఇద్దరం ఆ కట్టంతా సరిచేశాం. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. నాకు కూడా మళ్ళీ గుర్తు చేయలేదు. నా ఉద్యోగం ఆ రోజు ఆయన నిలబెట్టిందే.

ఇరవై ఏళ్ళు గడిచాయి. ఒక ఎండాకాలం ఉస్తాద్ చాయ్ పోసుకుంటుంటే చూశాను. సగం గ్లాసులో పడింది, సగం బల్ల మీద. ఆయన నవ్వుతూ తువ్వాలతో తుడిచేశాడు. తర్వాత గమనించడం మొదలుపెడితే చాలా కనిపించాయి. ఎదురుగా వచ్చిన మనిషిని గొంతు విన్నాకే పలకరించేవాడు. బస్సు నంబరు పక్కవాళ్ళను అడిగేవాడు. నేను గమనించానంటే షెడ్డు యజమాని సేటు కూడా గమనించాడనే అర్థం. సేటు చెడ్డవాడు కాదు, కానీ కంపెనీ పేరు పోతుందంటే ఆయనకు నిద్ర పట్టదు.

ఒక రోజు నన్ను పిలిచాడు.

"పెద్దాయన రంపాలు ఇన్నేండ్లు నీ బల్ల మీదికి రాలే. ఇగ రావాలె. కండ్లు కనిపిస్తలేవు ఆయనకు. ఒక్క రంపం వాపస్ వచ్చినా నేనేం జెయ్యలేను. ఇంటికి పంపుడే."

"గంత మాట ఎందుకు సేటూ? ఆయన చేతిలకెల్లి ఎప్పుడన్న వాపస్ వచ్చిందా?"

"రాలే. రావొద్దనే చెప్తున్న."

ఉస్తాద్‌కు ఆ దాగలి తప్ప వేరే లోకం లేదు. భార్య పోయింది. కొడుకు దగ్గర రెండు గదుల ఇల్లు. పగలంతా ఆ ఇంట్లో గోడ చూస్తూ కూర్చుంటే ఈ మనిషి ఏడాది బతకడని నాకు అనిపించింది. ఇప్పుడు కూడా అలాగే అనిపిస్తుంది.

మర్నాడు ఆయన చేసిన రంపం మొదటిసారి నా బల్ల మీదికి వచ్చింది. పళ్ళ వరుసకు కన్ను ఆనించి చూశాను. కొలత పట్టీ పెట్టాను. కుడి వైపు వంపు ఒక లెక్క, ఎడమ వైపు ఇంకో లెక్క. ముందు భాగంలో దాదాపు వంపే లేదు. మిషను మీద ఇలాంటిది వస్తే ఆలోచించకుండా పక్కన పడేస్తాను. ఇంకోటి చూశాను. అది ఇంకో రకంగా తప్పు. ఉస్తాద్ కళ్ళు నిజంగానే పోయాయి అనుకున్నాను.

పడేస్తే సేటుకు తెలుస్తుంది. వదిలేస్తే వాపస్ వస్తుంది. రెండూ ఒకటే. అందుకని మూడో దారి పట్టాను. ఉస్తాద్ నాలుగింటి బస్సుకు పోయేవాడు. ఆయన పోయాక, పళ్ళు వంచే పట్టుకారు తీసి, ఆ రెండు రంపాలనూ పన్ను పన్నుకూ సరిచేశాను. కొలత పట్టీకి అటు ఇటు కాకుండా తెచ్చి, గుర్తు కొట్టి అరలో పెట్టాను. పొద్దున పిడులామె వాటికి నూనె తుడిచి, కాగితం చుట్టి, వచ్చినవాళ్ళకు ఇచ్చేది.

అలా ఆర్నెల్లు. వారానికి రెండు మూడు రంపాలు. ఒక్కటి కూడా వాపస్ రాలేదు. సేటు నా బల్ల దగ్గర ఆగి, "పెద్దాయన పని ఇంకా మంచిగనే ఉన్నట్టుందే" అనేవాడు. "మస్తుంది సేటూ" అనేవాణ్ణి. ఇంటికి పోతూ మోటారు సైకిల్ మీద ఈల వేసుకునేవాణ్ణి. మొదటి నెలలో ఆయన నాకు చేసిన మేలుకు ఇన్నాళ్ళకు బదులు చేస్తున్నానని పొంగిపోయేవాణ్ణి. నా పనితనం మీద నాకు గౌరవం కూడా పెరిగింది. ఉస్తాద్ రంపాన్ని బాగుచేసేవాడు ఉస్తాద్ కంటే ఒక మెట్టు పైన ఉన్నట్టే కదా. ఆ మాట ఎవరితో అనలేదు గానీ, లోపల అనుకున్నాను. దాచడం ఎందుకు?

పిడులామె మాత్రం అప్పుడప్పుడూ నన్ను చూసి నవ్వేది. "ఏందమ్మా?" అంటే, "ఏం లేదన్నా, నీ కష్టం చూసి" అనేది.

ఇక ఆ రంపం సంగతి. తూంకుంట నుంచి ఒక వడ్లాయన వచ్చాడు. నలభై దాటిన మనిషి, కోపం ముక్కు మీదే ఉంటుంది. మూడేళ్ళ కింద గోడ మీది నుంచి పడి కుడి మణికట్టు విరిగిందట. అతుక్కుంది కానీ వంకరగా అతుక్కుంది. ఉస్తాద్ ఎప్పటిలాగే ఆయనను కూర్చోబెట్టి వేప చెక్క కోయించాడు. మోచేతి మీద చెయ్యి వేసి ముచ్చట పెట్టాడు. ఆ రోజు ముచ్చట మామూలు కంటే ఎక్కువసేపే సాగింది.

వారం తర్వాత ఆ రంపం నా బల్ల మీదికి వచ్చింది. అంత తప్పుడు రంపం నేను అంతకు ముందు చూడలేదు. కుడి వైపు పళ్ళన్నీ బాగా వంచి ఉన్నాయి, ఎడమ వైపువి అంతంత మాత్రం. దానికి తోడు పిడి కూడా ఒక పక్క ఎక్కువ చెక్కి ఉంది. నాకు కోపం వచ్చింది.

"గీ పిడి ఏంది గిట్ల వంకర పోయింది?" అని పిడులామెను అడిగాను.

"ఉస్తాద్ గట్లనే చెయ్యిమన్నడు అన్నా. నన్నెందుకు అడుగుతవ్, ఆయన్ని అడుగు."

అడగలేదు. అడిగితే ఆయన మనసు నొచ్చుకుంటుందనుకున్నాను. పిడికి అప్పటికే రాగి మేకులు బిగించేశారు కాబట్టి దాన్ని ఏమీ చేయలేకపోయాను. పళ్ళు మాత్రం ఉస్తాద్ బస్సెక్కగానే పట్టుకున్నాను. గంటన్నర పట్టింది. కుడి ఎడమలు అచ్చంగా సమానం చేశాను. అప్పుడే వడ్లాయన హడావిడిగా వచ్చాడు. పొద్దున్నే కొత్త ఇంటి దర్వాజ చౌకట్టుకు కోతలు పెట్టాలి, ఎల్లుండి దర్వాజ నిలబెట్టే ముహూర్తం, రంపం ఇప్పుడే కావాలి అన్నాడు. పిడులామె వెళ్ళిపోయింది. నేనే నూనె తుడిచి, కాగితం చుట్టి, నా చేతులతో ఇచ్చాను. "ఫస్ట్ క్లాస్ ఉంది, తీస్కపో" అన్నాను కూడా.

మర్నాడు పదకొండు గంటలకు షెడ్డు బయట బండి ఆగింది. వడ్లాయన లోపలికి వచ్చాడు. ఒక చేతిలో రంపం, ఇంకో చేతిలో టేకు దుంగ కొస. నేరుగా ఉస్తాద్ బల్ల ముందు నిలబడి రెండూ దాని మీద పడేశాడు.

"ఏంది గిది? నాకు మంచి రంపం జేస్తనంటివి. గీత గియ్యి, గీత మీద పెట్టు, రెండు పోట్లు పడంగనే ఎడమకు గుంజుకపోతాంది. పాత ఇంటిది టేకు దుంగ, గసొంటిది మల్ల దొరుకుతదా? చౌకట్టు పైఅడ్డం కరాబయింది. రేపు ముహూర్తం. ఇంటాయనకు నేనేం జవాబు జెప్పాలె? నీకు కండ్లు కనవడకపోతే కనవడ్తలేవని చెప్పాలె గాని, మా నోట్ల మన్ను కొడ్తవా?"

షెడ్డులో మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. సేటు గది తలుపు తెరుచుకుంది.

ఉస్తాద్ రంపాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. కుడి బొటనవేలును పళ్ళ ఒక పక్క నుంచి మెల్లగా జరుపుతూ చివరి దాకా పోయాడు. తర్వాత రెండో పక్క. సగం దూరంలో వేలు ఆగింది. తల ఎత్తాడు. ఆ కళ్ళకు నేను కనిపించానో లేదో తెలియదు, కానీ ముఖం తిరిగింది మాత్రం నా బల్ల వైపే.

"నాదే తప్పు బిడ్డా" అన్నాడు వడ్లాయనతో. "జర ఆగు, సదిరిస్త. సేటూ, నువ్వు పరేషాన్ గాకు. గీ ఒక్కటి సదిరిచ్చి నేను ఇంటికి పోత."

నేను ఒప్పుకోకపోతే, చేయని తప్పుకు ఆయన పోతాడు. ఒప్పుకుంటే, ఎందుకు ముట్టుకున్నావని సేటు అడుగుతాడు. అప్పుడు ఆర్నెల్ల సంగతి బయటపడుతుంది. ఈయన పని ఏనాడో పాడైపోయిందని, నేను దాచానని తేలుతుంది. ఎటు తిరిగినా ఉస్తాద్‌ను నేనే గెంటినట్టు. ఆ నిమిషంలో నాకు తెలివైన ఉపాయం ఏదైనా తట్టి ఉంటే బాగుండేది. తట్టలేదు. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"ఆయనది గాదు, నాది. నిన్న పొద్దుమూకి గా పళ్ళు నేనే వంచిన."

"నువ్వెందుకు ముట్టుకున్నవ్?" అన్నాడు సేటు.

"సమానం లేకుండె సేటూ. ఆర్నెల్ల సంది ఏదీ సమానం ఉంటలే. ఉస్తాద్ పోయినంక అన్నీ నేనే సదిరిస్తున్న. వాపస్ వస్తే ఆయన్ని ఇంటికి పంపుతవని..."

మాట పూర్తి కాలేదు. చెబుతున్నప్పుడే నాకు వినిపించింది, నేను ఆయనను ఎక్కడికి నెట్టానో. సేటు తల పట్టుకున్నాడు.

"అంటే ఆర్నెల్ల సంది బయటికి పోయినయన్ని నువ్వు జేసినయా? పెద్దాయన చేసినయి గాదా?"

అప్పుడు పిడుల మూల నుంచి నవ్వు వినిపించింది. చిన్న నవ్వు కాదు. ఆమె రేగ్మాల్ కింద పడేసి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది.

"అయ్యో సేటూ, అన్న చేసినయి ఎక్కడ పోయినయి! ఈయన పొద్దుమూకి కూసుండి సక్కగ జేస్తడు. ఉస్తాద్ పొద్దుగాల ఫస్ట్ బస్సుకొచ్చి మల్ల ఎట్ల ఉండెనో గట్లనే జేస్తడు. ఆర్నెల్ల సంది గిదే తమాషా. నూనె తుడిచేది నేనే గద, నాకు తెల్వదా? నిన్నటిది ఒక్కటే ఉస్తాద్ చేతికి మల్లకముందే బయటికి పోయింది. గందుకే వాపస్ వచ్చింది."

షెడ్డు మొత్తం నన్ను చూసింది. నేను అర దగ్గరికి పోయాను. రెండు రోజుల కింద నేనే సరిచేసి పెట్టిన ఇంకో రంపం అక్కడ ఉంది. కొలత పట్టీ పెట్టాను. కుడి ఒక లెక్క, ఎడమ ఒక లెక్క. నేను గంట సేపు చెమటోడ్చి సమానం చేసిన పళ్ళు మళ్ళీ మొదటికి వచ్చి కూర్చున్నాయి. పిడి దగ్గర నా గుర్తు మాత్రం నిగనిగలాడుతూ ఉంది.

"కండ్లు పోయినయి సేటూ, అబద్ధమెందుకు" అన్నాడు ఉస్తాద్. "రెండేండ్లాయె. కాని రంపం పళ్ళు నేను కండ్లతోని ఎప్పుడు జూసిన? మా బాపు నేర్పిననాడే వేలు వెట్టి జూసుడు నేర్పిండు. ఒక్కొక్కని చెయ్యి ఒక్కో తీరు గుంజుతది. ఒకడు గట్టిగ నూకుతడు, ఆనికి మొదట్ల వంపు తక్కువ ఉండాలె, లేకుంటే ఎగురుతది. ఈ బిడ్డ చెయ్యి విరిగి ఎడమకు వడ్తాంది. గందుకని కుడి పక్క ఎక్కువ వంచిన. రెండు కలిసి మధ్యకొస్తయి. చెయ్యి సూడకుంట రంపం జేస్తే అది దుకాణంల అమ్మే రంపం."

మోచేతి మీద చెయ్యి. పిల్లలు ఎందరు, వానలు పడ్డాయా. ఇరవై ఏళ్ళు నేను చూసింది ముచ్చట కాదని అప్పుడు తెలిసింది. ఎక్కడైనా గుంత దొరికితే దిగిపోవాలనిపించింది.

ఉస్తాద్ వడ్లాయనను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పట్టుకారు తీసి, ఒక చేతి బొటనవేలు పన్ను మీద, ఇంకో చెయ్యి పట్టుకారు మీద పెట్టి, పైకప్పు వైపు ముఖం పెట్టి పని చేశాడు. నాకు గంటన్నర పట్టిన పని ఆయనకు పావుగంట కూడా పట్టలేదు. "కొయ్యి" అన్నాడు. వడ్లాయన వేప చెక్క మీద పెన్సిల్‌తో గీత గీసి, కాలితో తొక్కిపట్టి, ఆ వంకర చేత్తో కోశాడు. రంపం గీతను వదలలేదు. చెక్క రెండుగా పడింది. ఆయన ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, ఉస్తాద్ మోకాలు ముట్టుకున్నాడు. "ఏమనుకోకు పెద్దయ్యా, కోపంల అన్న" అన్నాడు.

సేటు నా వైపు తిరిగాడు. "ఇగ నుంచి పెద్దాయన రంపాలు నీ బల్ల మీదికి రావు. నువ్వే రోజు ఒక గంట ఆయన బల్ల మీదికి పో." అంతే. తలుపు వేసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం వడ్లాయన బండి వెనక కూర్చుని నేను తూంకుంట పోయాను. కరాబైన దుంగకు జవాబు నేనే చెప్పాలి కదా. కొత్త లేఅవుట్లో సగం లేచిన ఇల్లు. ఇంటాయన అరిచాడు, అరవాల్సిందే. దుంగ రెండో కొస కూడా కోసి, కింది గడపను కూడా అంతే తగ్గిస్తే చౌకట్టు నిలుస్తుందని వడ్లాయన చెప్పాడు. కాకపోతే దర్వాజ రెండు వేళ్ళు సన్నబడుతుంది. ముహూర్తానికి సన్నబడ్డ దర్వాజా అని ఇంటాయన ఇంకా గొణుగుతుంటే, ఇటుకల మీద కూర్చున్న వాళ్ళ అవ్వ అంది, "రెండు వేళ్ళకు ఏమైతది తియ్యి. లచ్చిమి ఏమన్న నీ లెక్క లావుంటదా?" ఇంటాయన బొజ్జ తడుముకుని ఊరుకున్నాడు. నేను దుంగ పట్టుకున్నాను, వడ్లాయన కోశాడు. మర్నాడు దర్వాజ నిలబడింది.

తిరిగి వచ్చేసరికి నాలుగు దాటింది. ఉస్తాద్ బస్సు వదిలేసి షెడ్డు బయట అరుగు మీద కూర్చుని ఉన్నాడు, నా కోసమే. పక్కన కూర్చున్నాను. ఆయన ముఖం చూడలేకపోయాను.

"ఉస్తాద్, ఆర్నెల్లు. ఒక్కనాడన్న ఎందుకు చెప్పలే? అరేయ్, నా రంపాలు ముట్టుకోకురా అని రెండు తిట్టినా అయిపోవు గద."

ఆయన నవ్వాడు.

"మొదట్ల కోపమొచ్చింది బిడ్డా. ఎవడు వీడు నా పళ్ళు వంచెటోడు అనుకున్న. తర్వాత తెల్సింది, నన్ను ఇంటికి పంపకుంట నువ్వు చేస్తున్నవని. నీ పని గల్తిది. నీ మనసు గల్తిది గాదు. గల్తి పనిని పొద్దుగాల పది నిమిషాలల్ల సదురుకుంటి. నా కోసం ఒకడు గట్ల ఇంటికి పోకుంట కూసున్నడంటే, అది ఆపుతరా ఎవరన్న?"

నాకు ఏడుపు వచ్చింది. ఆయనకు కనిపించదని ధైర్యంగా ఏడ్చాను. "ఊకో, బస్సు వస్తాంది, నంబర్ జూడు" అన్నాడు.

తర్వాత ఉస్తాద్ నాలుగేళ్ళు పని చేశాడు. చివరి ఏడాది చూపు పూర్తిగా పోయింది. రంపాలు మాత్రం ఒక్కటీ వాపస్ రాలేదు. ఒక వానాకాలం జ్వరం వచ్చి వారంలో పోయాడు. ఆయన పోయాక నేను రెండు రోజులు షెడ్డుకు పోలేదు, అంతకంటే ఆ సంగతి రాయలేను. రోజుకు గంట చొప్పున ఆ నాలుగేళ్ళలో ఆయన బల్ల దగ్గర నేను నేర్చుకున్నది నా ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో నిజమైన ఉద్యోగం. బొటనవేలు నాకు ఆయనంత పలకదు. కానీ పలుకుతుంది.

ఇప్పుడు గౌడవెల్లిలో మా ఇంటి ముందు రేకు కింద ఒక చిన్న బల్ల వేసుకున్నాను. పాతవాళ్ళు రంపాలు తెస్తారు, సాన పడతాను. వంకర మణికట్టు వడ్లాయన ఏడాదికోసారి వస్తాడు. ముందు ఆయనను కూర్చోబెట్టి వేప చెక్క కోయిస్తాను. మోచేతి మీద చెయ్యి వేసి, పిల్లల చదువులు అడుగుతాను. ఏటేటా ఆ చెయ్యి ఎడమకు ఇంకాస్త పడుతోంది. ఏటేటా కుడి వైపు ఇంకాస్త వంచుతాను.

నాకు కూడా ఈ మధ్య కళ్ళలో మంచు కమ్మినట్టు ఉంటోంది. చాయ్ సగం బల్ల మీద పోస్తున్నానని మా ఆవిడ గొడవ. నా బిడ్డ శామీర్‌పేట దగ్గర ఒక మందుల కంపెనీలో చెకింగ్ పనే చేస్తుంది, మా ఇంటి రోగం అది. మొన్న వడ్లాయన రంపం సాన పట్టి బల్ల మీద పెట్టి పడుకున్నాను. పొద్దున లేచి ఇచ్చే ముందు బొటనవేలు జరిపితే, సగం దూరంలో ఆగింది. కుడి ఎడమలు అచ్చంగా సమానం. సన్నగా, శ్రద్ధగా, ఎక్కడా గీత పడకుండా చేసిన పని. ఇంట్లో నా పాత కొలత పట్టీ ఎక్కడుందో నాకు, నా బిడ్డకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆమె డ్యూటీకి బండి తీస్తూ, "బాపూ, గా రంపం మంచిగొచ్చిందే" అంది.

"మస్తొచ్చింది బిడ్డా" అన్నాను.

బండి మూల మలుపు తిరిగేదాకా ఆగి, పట్టుకారు తీశాను. ఉస్తాద్‌కు పది నిమిషాలు పట్టేది, నాకు అరగంట పడుతోంది. మీలో ఎవరైనా ఆ కంపెనీలో పనిచేస్తుంటే, ఇది చదివి ఆమెకు మాత్రం చెప్పకండి.